రాడ్డుతో కలిపి నూరు

గురువారం రాత్రి. పొద్దుటి నుంచీ పడుతున్న వాన ఇంకా ఆగలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్లు విప్పుకుంటున్నప్పుడు మా కామర్స్ మాస్టారు మొన్న శనివారం తాను కొండకు నడిచి వెళ్లిన సంగతి ఎత్తుకున్నారు. గంటంబావులో పైకి చేరానని, దారిలో ఎక్కడా కూర్చోలేదని, తనతో బయలుదేరిన కుర్రవాళ్లు సగం దారిలోనే చతికిలబడ్డారని ఆయన చెబుతూ ఉంటే, మేమంతా పెరుగన్నం కలుపుకుంటూ తలలూపాం. ఏ దారిన వెళ్లారని మాత్రం ఎవరమూ అడగలేదు. అలిపిరి దారిలో మెట్లు 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఈ రెండు అంకెలూ తెలియనివి కావు గానీ, గొప్ప చెప్పుకునే వేళకు దారి పేరు జారిపోయి "నడిచి పోయినా" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. అలిపిరి నుంచి ఎక్కేవారిలోనూ కొందరు పాదాల మండపం దగ్గర గడియారం చూసుకుంటే, మరికొందరు గాలి గోపురం దాకా తీరిగ్గా వెళ్లి, అక్కడ చెమట తుడుచుకుని, మజ్జిగ తాగి, అప్పుడు చూసుకుంటారు. అసలు ఎక్కుడంతా గాలి గోపురం లోపే ఉంది. ఆ పైన చాలా దూరం చదునుగా సాగి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రమే దారి మళ్లీ నిటారుగా లేస్తుంది. మాస్టారు అబద్ధమాడారని నేననడం లేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే కావచ్చు. చెప్పకుండా మింగిన మాట దగ్గరే నా ఆలోచన ఆగింది, ఎందుకంటే అలాంటి మాట గురించే ఈ రోజు పొద్దున మా జిమ్‌లో గంటసేపు వాదన జరిగింది.

మా జిమ్ ఎం.ఆర్.పల్లి వైపు ఒక మేడ మీద ఉంది. కింద ఒక జిరాక్సు కొట్టు, దాని పక్కనే పాత ఇనుము, పాత కాగితాలు కొనే కొట్టు. చక్కెర గీత దాటబోతోందని డాక్టరమ్మ హెచ్చరించినప్పటి నుంచి నేను పొద్దున్నే అక్కడికి వెళ్తున్నాను. ఆ వేళకు వచ్చేవారిలో ఇంజినీరింగ్ పిల్లలు, పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న అబ్బాయిలు, పదవీ విరమణ చేసిన ఒక ఆర్టీసీ డ్రైవరు గారు, నాతో పాటు మరో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ఉంటారు. నేను ఫిజిక్స్ చెబుతానని ట్రైనర్‌కు తెలిసినప్పటి నుంచి అందరికీ మేడమ్‌నే అయ్యాను, అక్కా అని పిలిచేవాడు ఒక్కడే మిగిలాడు.

ఆ అక్కా అనే అబ్బాయే ఈ రోజు బెంచి మీద పడుకుని, నన్ను పిలిచి చేతికి ఫోన్ ఇచ్చాడు. "అక్కా, ఈడ్నుంచి తీయి, ప్లేట్లన్నీ కనపడాల" అన్నాడు. రాడ్డుకు రెండు వైపులా ఇరవై అని పోతపోసిన ప్లేట్లు రెండేసి ఉన్నాయి. తల దగ్గర అతని స్నేహితుడు సాయానికి నిలబడ్డాడు. రాడ్డు కిందికి దిగి, ఛాతీ మీద తగిలి, తగిలిన ఊపులోనే పైకి ఎగిరి, సగం దారిలో వణుకుతూ నిలిచిపోయింది. అప్పుడు స్నేహితుడి చేతులు రాడ్డు కిందికి వెళ్లాయి. ఆ చేతుల నరాలు ఉబ్బడం, మడమలు నేల మీంచి లేవడం, భుజాలు చెవుల దాకా రావడం నేను కెమెరాలోంచి దగ్గరగా చూశాను. రాడ్డు స్టాండు మీదికి చేరగానే అతను చెమటతో తడిసిన ముఖాన్ని నవ్వుగా మార్చుకుని, "ఊరికే రెండు వేళ్లు ఆనించినా అంతే, మొత్తం నువ్వే ఎత్తినావు మచ్చా" అన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలసిపోయారో నాకైతే తెలియలేదు.

పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో రాడ్డు ఛాతీ మీదికి దిగి, కదలకుండా నిలిచాక, రిఫరీ చెబితేనే పైకి తోయాలి. మరొకరి చేయి తగిలితే ఆ ఎత్తు లెక్కలోకే రాదు. ఆ సంగతి జిమ్‌లో అందరికీ తెలుసు. అయినా వాదన దాని మీద రాలేదు. అబ్బాయి "నూరు" అని అరిచాడు, పక్కన బస్కీలు తీస్తున్న పోలీసు పరీక్షల అబ్బాయి "రాడ్డుతో కలిపా, రాడ్డు లేకుండానా?" అన్నాడు. రాడ్డు ఇరవై, ప్లేట్లు ఎనభై, మొత్తం నూరు అని లెక్క చెప్పారు. ఆర్టీసీ డ్రైవరు గారు తీరిగ్గా తువ్వాలు భుజాన వేసుకుని, "ఆ రాడ్డు ఇరవై ఎట్లా అవుతుందబ్బా, నేను ఒంటి చేత్తో తీసి పక్కన పెడతా ఉండా కదా" అన్నారు. అక్కడ మొదలైంది.

నన్ను అడిగితే నాకు తెలిసింది చెప్పాను. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్లు వాడే రాడ్డు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు; ఆడవాళ్లది 15 కిలోలు, రెండు మీటర్లకు ఒక సెంటీమీటరు ఎక్కువ. మా జిమ్‌లోని రాడ్డు ఆరడుగుల ట్రైనర్ పక్కన నిలబెడితే అతని కన్నా పొట్టిగా ఉంది. కనుక అది ఇరవై కావడానికి వీల్లేదు. ఈ మాటతో వాదన తగ్గకపోగా రెండింతలైంది. చివరకు ట్రైనర్ వద్దంటున్నా వినకుండా నలుగురు కుర్రవాళ్లు రాడ్డునూ నాలుగు ప్లేట్లనూ వానలో మెట్లు దింపి పాత ఇనుము కొట్టులోని కాటా మీద పెట్టారు.

రాడ్డు 13.8 కిలోలు తూగింది. ఇరవై అని రాసి ఉన్న ప్లేట్లు వరసగా 18.4, 19.1, 18.7, 20.6. మొత్తం తొంభై కిలోల ఆరు వందల గ్రాములు. కొట్టు యజమాని అంకెలు రెండుసార్లు చదివి, "తూకానికి డబ్బులేం వద్దు. అమ్మేదుంటే మాత్రం చెప్పండి, పోత ఇనుము రేటు వేరేగా ఉంటాది" అని మళ్లీ కాగితాల కట్టల వైపు తిరిగాడు. మా అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తన కుడి చేయి ఎప్పుడూ వెనకబడుతోందని రోజూ బాధపడేవాడు. బరువైన రెండు ప్లేట్లూ ఈ రోజు కుడి వైపునే ఉన్నాయని, ఆ పక్క రెండున్నర కిలోల పైచిలుకు ఎక్కువ తూగిందని ఎవరో లెక్కగట్టి చెప్పాక కాస్త తేరుకున్నాడు. పైకి వచ్చాక మొదట అన్న మాట ఇది: "అయితే అందరిదీ తగ్గించాల. నా ఒక్కడిదే కాదు."

అతని మాట న్యాయమైనదే. ఆ రాడ్డు మీద, ఆ ప్లేట్లతో ఇన్నాళ్లూ ఎవరు ఏ రికార్డు చెప్పుకున్నా అంతా ఒకేసారి పడిపోయింది. గోడ మీద తెల్లబోర్డులో "ఈ నెల మొనగాళ్లు" అని రాసిన పేర్ల పక్కన ఉన్న అంకెలను చెరపాలా వద్దా అని ట్రైనర్ చేతిలో డస్టరు పట్టుకుని నిలబడిపోయాడు.

ఇంటికి వచ్చి కాలేజీకి తయారవుతూ కూడా నేను దీని గురించే ఆలోచించాను. ఇనుము దగ్గర అబద్ధం చెల్లదని జిమ్‌కు వెళ్లేవాళ్లు తరచూ అంటారు. ఎత్తితే లేస్తుంది, ఎత్తలేకపోతే లేవదు, మధ్యలో మాటకు చోటు లేదంటారు. వినడానికి బాగుంటుంది గానీ నేను చూసినంతలో బడాయి వట్టి అబద్ధం మీద అరుదుగా నిలబడుతుంది. అది నిజాన్ని ఆనుకుని, కొలత వదులుగా ఉన్న చోటు చూసుకుని కాపురం పెడుతుంది. పట్టాల మీది బండిని కాళ్లతో పైకి తోసే లెగ్ ప్రెస్ యంత్రమే చూడండి. పట్టాలు నలభై ఐదు డిగ్రీల వాలులో ఉంటాయి కనుక, రెండు వందల కిలోల ప్లేట్లు ఎక్కించినా కాళ్లకు ఎదురు నిలిచే భారం, బండి బరువునూ రాపిడినీ పక్కన పెడితే, నూట నలభై ఒకటి దగ్గరే ఆగిపోతుంది. కదిలే కప్పీ ఉన్న కేబుల్ యంత్రంలో పిన్ను నలభై దగ్గర గుచ్చితే చేతికి వచ్చేది ఇరవై. వాలుతలం, కప్పీల పాఠం ఇంటర్ మొదటి సంవత్సరంలో చదివిన పిల్లలే ఈ యంత్రాల మీద కూర్చుని మూడంకెల బరువులు చెప్పుకుంటారు, అదేమి చిత్రమో.

రాడ్డును భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌లో మరీ సులువు. పోటీ నియమం ప్రకారం తుంటి దగ్గరి మడత మోకాలి పై అంచు కన్నా కిందికి దిగాలి. బరువు పెరిగే కొద్దీ మా జిమ్‌లో ఆ దిగుడు తగ్గుతూ పోతుంది; అరవై కిలోలతో నిండా కూర్చుని లేచినవాడు, నూట ఇరవై పెట్టుకున్నాక ఎవరికో నమస్కారం పెట్టినట్టు కాస్త వంగి లేస్తాడు. ఇక ఎత్తకుండానే ఎత్తినట్టు లెక్కగట్టడం మరో పద్ధతి. ఎప్లీ సూత్రమని ఒకటుంది: ఎత్తిన బరువును, ఎన్నిసార్లు ఎత్తారో దాన్ని ముప్పైతో భాగించి ఒకటి కలిపిన అంకెతో గుణిస్తే, ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో అంచనా వస్తుంది. అరవై కిలోలు పదిసార్లు ఎత్తితే ఎనభై. అంచనాకు పనికొచ్చే సూత్రమే. కానీ ఆ ఎనభైని నిజంగా ఛాతీ మీదికి దించుకోకుండానే "నా బెంచి ఎనభై" అనేవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. వాళ్లను ఆ ఎనభై ఎత్తమని అడిగితే భుజం నొప్పి అంటారు. ఉత్తరకుమారుడికైనా బృహన్నల తోడు దొరికింది, వీళ్లకు కాలిక్యులేటరే సారథి.

కొలత బిగువుగా ఉన్న చోట అంకెకు ఎంత గౌరవం ఉంటుందో తెలియాలంటే కరణం మల్లీశ్వరి గారిని తలచుకుంటే చాలు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఆమె ఒకే ఊపులో తల పైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తరవాత తల పైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినదీ ఆ ఏడే. ఆ రోజు స్వర్ణం గెలిచిన చైనా అమ్మాయి, రజతం గెలిచిన హంగరీ అమ్మాయి ఇద్దరూ ఎత్తింది 242.5. అంటే స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి గారు 137.5కు వెళ్లారు, అది నిలవలేదు. నిలిచి ఉంటే రంగు మారేది. శ్రీకాకుళం జిల్లా నుంచి బయలుదేరి అక్కడి దాకా వెళ్లిన మనిషికి రెండున్నర కిలోలు అంత దూరం అయితే, మా మేడ మీది జిమ్‌లో తొమ్మిది కిలోల తేడాను ఎవరూ గమనించకుండా నెలల తరబడి వాడేశారు. ముగ్గురు రిఫరీలు, సరైన ఎత్తుకు వాళ్లు వెలిగించే తెల్ల దీపాలు, తూచి ముద్ర వేసిన ప్లేట్లు, మూడే మూడు అవకాశాలు, ఇవన్నీ కలిస్తేనే 240 అనే అంకె ఇరవై ఐదేళ్ల తరవాత కూడా ఒక్క గ్రాము తగ్గకుండా నిలబడింది.

ఆ ప్రాంతంలోనే ఆమె కన్నా దాదాపు వందేళ్ల ముందు పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారిది వేరే దారి. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఉచ్ఛ్వాసంతో ఇనుప గొలుసు తెంచడం, కార్లను కదలకుండా ఆపడం, ఇవన్నీ ఆయన సర్కస్ గుడారంలో డబ్బిచ్చి వచ్చిన జనం ముందు చేసి చూపినవి. అది ప్రదర్శన అని చూపేవారికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. దానిలో దర్పం ఉంది గానీ బడాయి లేదు. దండీలు, బస్కీలు తీసి, సంగడాలు ఎత్తి, సాము నేర్పిన తాలింఖానాల కాలంలో కూడా కండ చూసి మురిసిపోయే గుణం ఉండే ఉంటుంది. అద్దాలు మాత్రం ఇన్ని ఉండేవి కావు.

అద్దాల సంగతి ఎత్తాను కనుక చెప్పాలి. మా జిమ్‌లో ఒక మూల ట్యూబ్‌లైటు సరిగ్గా తల మీదికి వస్తుంది. పై నుంచి పడే వెలుగులో కండల కింద నీడలు లోతుగా కనిపిస్తాయి. సెట్టు ముగిసిన వెంటనే కండరంలోకి రక్తం పోటెత్తి ఉబ్బుతుంది, దాన్నే పంపు అంటారు. ఆ ఉబ్బు కాసేపటికి దిగిపోతుంది. ఆ కాసేపట్లోనే ఆ మూలకు పరుగెత్తాలి కాబట్టి అక్కడ ఎప్పుడూ ఒక చిన్న వరుస ఉంటుంది. సరిగ్గా ఆ మూలకు ఎదురుగానే ఆంజనేయస్వామి పటం ఉంది. మన దేవస్థానం 2021 శ్రీరామనవమి నాడు అంజనాద్రినే హనుమంతుని జన్మస్థలంగా ప్రకటించినప్పటి నుంచి ఆ పటానికి పూలదండ ఇంకాస్త పెద్దదైంది. తన బలం తనకు తెలియకుండా శాపం తగిలి, సముద్రపు ఒడ్డున జాంబవంతుడు గుర్తు చేస్తే తప్ప లేవని దేవుణ్ణి బలానికి ఇలవేల్పుగా పెట్టుకున్నవాళ్లం మనం. మా పిల్లలకు జాంబవంతుడి అవసరం ఏ పూటా పడలేదు.

మగపిల్లలనే అంటున్నాననుకోకూడదు. మా ఆడవాళ్ల వైపు ఇదే ఆట తలకిందులుగా నడుస్తుంది. అక్కడ అంకె పెరగడం గొప్ప, ఇక్కడ తగ్గడం గొప్ప. తూకం యంత్రం ఎక్కే ముందు చున్నీ, గాజులు, ఫోను, వాచీ, కొందరైతే జడలోని క్లిప్పు కూడా తీసి బల్ల మీద పెడతారు; నీళ్లు తాగకుండా వస్తారు; వచ్చిన అంకెను గట్టిగా చదువుతారు. మరుసటి వారం నీళ్లు తాగి ఎక్కినప్పుడు వచ్చిన అంకెను మాత్రం మనసులోనే చదువుకుంటారు. నేను నలభై కిలోల డెడ్‌లిఫ్ట్, అంటే రాడ్డును నేల మీంచి లేపి నిటారుగా నిలబడడం, చేస్తుంటే "మేడమ్, అంత బరువులు మీకెందుకు, చేతులు లావైపోతాయి" అని అడక్కుండా సలహా చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆ నలభైలో కూడా ఆరేడు కిలోలు తరుగు ఉంటుందని ఈ రోజే తెలిసింది, ఎందుకంటే నేను వాడేదీ అదే రాడ్డు. ఈ వారంలో ఎవరైనా అడిగితే ముప్పై మూడనో ముప్పై నాలుగనో చెప్పడానికి నాకూ కొంత గుండె కావాలి.

ఇదంతా నవ్వుకోదగ్గ వ్యవహారమే. నవ్వలేని బడాయి ఒకటుంది. "నేను నేచురల్", అంటే మందులేవీ వాడలేదు, అనే మాట అది. ఏదో స్టెరాయిడ్ సూదుల "కోర్సు" వాడి మూడు నెలల్లో భుజాలు పెంచుకున్నవాడు, అదంతా కోడిగుడ్లు, వేరుశెనగ ఉండల ఫలితమని చెబితే, పక్కనున్న పద్దెనిమిదేళ్లవాడు అవే గుడ్లు తిని, అలాంటి భుజాలు రాక, తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఆ తరవాత అతనూ ఆ సూది వెతుక్కుంటాడు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే శరీరం తన సొంత తయారీని తగ్గించుకుంటుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమవుతాయి. ఇక్కడ మింగేసిన మాట తొమ్మిది కిలోలది కాదు. రాడ్డు బరువు గురించి గంటసేపు కొట్లాడిన మా జిమ్‌లో ఈ విషయం గురించి ఒక్క రోజైనా ఎవరూ గొంతెత్తి అడగలేదు. ఇది నాకు నచ్చని సంగతి, ట్రైనర్‌తో ఆ ముక్క చెప్పాను కూడా. ఆయన "చూద్దాం మేడమ్" అన్నాడు.

అయినా ఆ అబ్బాయి "నూరు" అని అరిచినప్పటి ముఖం తలచుకుంటే నాకు కోపం రావడం లేదు. ఇంట్లో మార్కుల అంకె అమ్మానాన్నలది, కాలేజీలో హాజరు అంకె మాది, ఉద్యోగంలో కటాఫ్ అంకె మరెవరిదో. పొద్దున్నే ఐదింటికి లేచి, వానలో తడుస్తూ వచ్చి, ఒళ్లు నొప్పులతో పెంచుకున్న ఈ ఒక్క అంకె అతని సొంతం. తొంభై కిలోల ఆరు వందల గ్రాములు కూడా తక్కువేమీ కాదు. నిరుడు ఇదే అబ్బాయి వట్టి రాడ్డుతో వణికాడు. నూరు అనే గుండ్రటి అంకె మీద మోజు లేకపోతే అతను తొంభై దాకా వచ్చేవాడే కాదేమోనని కూడా అనిపిస్తుంది. గొప్పలు చెప్పుకునేవాళ్లు జిమ్ మానరు. వినయవంతులు జనవరిలో చేరి ఫిబ్రవరిలో మానేయడం చాలాసార్లు చూశాను.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ దారిలోనే కదా అని జిమ్‌లో తొంగిచూశాను. కుర్రవాళ్లు మిగతా ప్లేట్లను కూడా కాటాకు మోసి, తూచిన బరువును తెల్ల పెయింటుతో ఒక్కోదాని మీద రాసేశారట. బోర్డు మీద పాత అంకెలన్నీ చెరిపి, పైన కొత్తగా "కాటా వేసిన బరువులు మాత్రమే" అని రాశారు. పొద్దుటి అబ్బాయి పేరు పక్కన 90.6 ఉంది, ఆ ఆరు అంకెను మిగతా వాటికన్నా లావుగా దిద్దుకున్నాడు. "మిగతా జిమ్‌లల్లో అంతా ఉత్త మాటలే అక్కా, తిరుపతిలో ఒరిజినల్ బరువులు మన దగ్గరే" అని నాతో చెప్పాడు. పక్క బెంచి దగ్గర ఇద్దరు వాదించుకుంటున్నారు. ఇన్నాళ్లూ 20.6 తూగే ప్లేటు ఎవరికి తగిలినా దురదృష్టమే అనుకోవాలి, చేసిన పనికి తక్కువ పేరు వచ్చేది కనుక. ఇప్పుడు అది ఇరవై దాటిన ఏకైక ప్లేటు కావడంతో ఇద్దరికీ అదే కావాలట. ట్రైనర్ ఆ ప్లేటును తన కుర్చీ వెనక దాచి, రేపటి నుంచి పేర్లు రాసుకుని వంతులవారీగా ఇస్తానన్నాడు.